నీనా సిమోన్ తొలి ఆల్బమ్: వేళ్ల విద్వత్తు, పాటలోని ప్రాణం

'లిటిల్ గర్ల్ బ్లూ' ఆల్బమ్‌లోని 'లవ్ మీ ఆర్ లీవ్ మీ' పాటలో కొంతసేపటికి గొంతు ఆగి పియానో ఒక్కటే ముందుకు సాగుతుంది. కింద జాజ్ లయ చెక్కుచెదరకుండా నడుస్తుండగానే కుడిచేయి ఒక స్వరవరుసను ఎత్తుకుంటే ఎడమచేయి దానికి బదులు చెబుతుంది. పాశ్చాత్య శాస్త్రీయ స్వరకర్త బాఖ్ రచనల్లో వలె ఆ రెండూ ఒకదాన్నొకటి తరుముకుంటూ పోతాయి. 1957 చివర్లో న్యూయార్క్‌లో ఈ రికార్డింగ్ జరిగేనాటికి అమెరికన్ గాయని, పియానిస్టు నీనా సిమోన్ వయస్సు 24 ఏళ్లే. ఆ వయస్సుకు ఇంత పట్టు ఎలా వచ్చిందా అని మొదటిసారి విన్నప్పుడు నేను ఆశ్చర్యపోయాను.

ఆమెది చిన్ననాటి నుంచి సాగిన సాధన. నార్త్ కరోలినాలోని ట్రయాన్‌లో పుట్టిన ఆమె శాస్త్రీయ పియానో విద్వాంసురాలు కావాలనుకున్నారు. 1951లో ఫిలడెల్ఫియాలోని కర్టిస్ సంగీత విద్యాసంస్థ ఆమెకు ప్రవేశం ఇవ్వలేదు, నల్లజాతి స్త్రీని కావడమే అందుకు కారణమని ఆమె చివరిదాకా నమ్మారు. 1954లో అట్లాంటిక్ సిటీలోని ఒక బార్‌లో పియానో వాయించడానికి చేరితే, పాడితేనే ఉద్యోగం ఉంటుందని యజమాని అన్నారు. అంటే గానం ఆమెకు తర్వాత వచ్చి చేరిన విద్య. ఈ ఆల్బమ్‌ను అంచనా వేసేటప్పుడు ఆ సంగతిని గుర్తుంచుకోవాలి.

కేవలం సాంకేతిక నైపుణ్యాన్నే కొలమానంగా తీసుకుంటే ఆమెకు కొన్ని పరిమితులున్నాయి. జాజ్ పియానో దిగ్గజాలైన ఆర్ట్ టేటమ్ వేగం, ఆస్కార్ పీటర్సన్ ధాటి ఈ వేళ్లలో లేవు. గొంతు మంద్రస్థాయిలో నిండుగా పలుకుతుంది గానీ పైకి వెళ్లేకొద్దీ సన్నబడుతుంది. పాట లేకుండా పియానోనే నడిపే 'గుడ్ బెయిట్' విద్వత్తుకు మంచి నిదర్శనమే అయినా, ఒకసారి మెచ్చుకున్నాక మళ్లీ దాని దగ్గరకు వెళ్లాలని నాకు అనిపించదు. 'యూల్ నెవర్ వాక్ అలోన్' కూడా అంతే.

ఆల్బమ్‌కు పేరునిచ్చిన పాట సంగతి వేరు. అది 'గుడ్ కింగ్ వెన్సెస్లాస్' అనే క్రిస్మస్ కీర్తన స్వరాలతో మొదలవుతుంది. ఆమె పాట అందుకున్న తర్వాత కూడా పియానో ఆ కీర్తనను వదలదు; పైన ఒంటరి అమ్మాయి దిగులు, కింద పండుగ పాట, రెండూ ఢీకొనకుండా కలిసి నడుస్తాయి. రెండు వేర్వేరు వరుసలను ఒకేసారి మోయడం ఎంత కష్టమో వాయించేవారికే తెలుస్తుంది, అయినా వినేవారి దృష్టి ఆ కష్టం మీదికి పోదు, ఊరంతా సంబరంలో ఉన్న రోజున ఒక మూలన కూర్చున్న అమ్మాయి మీదికే పోతుంది. విద్వత్తు ఇక్కడ పూర్తిగా పాట అవసరానికి తలవంచింది.

'ఐ లవ్స్ యూ, పోర్గీ'లో నైపుణ్యం ఇంకా తగ్గినట్టు కనిపిస్తుంది. పియానోలో స్వరాలు తక్కువ, నడక నిదానం, గొంతులో ఆర్భాటం లేదు. మన కచేరీల్లో కూడా స్వరకల్పన జోరుకు చప్పట్లు పడతాయి గానీ, ఇంటికి వచ్చాక మనసులో మెదిలేది చౌకకాలంలో పాడిన కీర్తనే. ఏ మాట దగ్గర వేలు ఎత్తాలో, ఎంతసేపు మౌనంగా ఉండాలో తెలియడం కూడా సాధనే అని నా నమ్మకం. అమెరికన్ శ్రోతలు కూడా ఈ పాటనే దగ్గరకు తీసుకున్నారు: 1959లో అది బిల్‌బోర్డ్ పత్రిక వేసే పాప్ పాటల ఆదరణ పట్టికలో 18వ స్థానం దాకా వెళ్లింది.

కొత్తగా వినేవారు సాధారణంగా 1987లో ఒక వాణిజ్య ప్రకటన ద్వారా మళ్లీ ప్రచారంలోకి వచ్చిన 'మై బేబీ జస్ట్ కేర్స్ ఫర్ మీ'తో మొదలుపెడతారు. హుషారైన పాటే, కాదనను. కానీ ముందు 'పోర్గీ' వినండి, అదీ ఇయర్‌ఫోన్లతో వినండి. ఫోన్ స్పీకర్‌లో జిమీ బాండ్ బేస్ వాద్యం దాదాపు వినిపించదు, ఆమె వదిలిన ఖాళీలను అంతటా మోసేది ఆ బేసే.