మద్దిలపాలెంలో థిన్ సెక్షన్ల వర్క్‌షాపు: స్లైడ్లు బాగున్నాయి, పొడి మాత్రం ఇవ్వకండి

సముద్రపు అడుగున మీథేన్ ఊటల దగ్గర పూర్వం ఏర్పడిన సున్నపురాళ్ల ముక్కలు ఆరింటిని, థిన్ సెక్షన్ల (సూక్ష్మదర్శినిలో చూడటానికి గాజుపలకపై అతికించి పలుచగా అరగదీసిన రాతి స్లైడ్లు) కోసం, అవి పుట్టిన నీటిలో ఆక్సిజన్ ఉందో లేదో తేల్చే రసాయన విశ్లేషణకు కావలసిన పొడికోసం విశాఖపట్నం మద్దిలపాలెంలోని ఒక చిన్న వర్క్‌షాపులో ఇచ్చాను.

స్లైడ్ల పని చాలా శ్రద్ధగా చేశారు. ఆగస్టు తేమకు ఎపాక్సీ జిగురు మసకబారుతుందని, ముక్కలను ముందుగా బల్బు వేడిలో రాత్రంతా ఆరబెట్టారు. "తొందరపడితే గుంటలు పడతాయి బాబూ" అంటూ అక్కడి పెద్దాయన 0.03 మిల్లీమీటర్ల మందం వచ్చేదాకా చేత్తోనే అరగదీశారు. నేను అడిగినట్టే పైన గాజు అతికించకుండా వజ్రపు పేస్టుతో మెరుగుపెట్టారు కాబట్టి, పైనుంచి వెలుతురు వేసి చూడగానే సీతాఫలం బుడిపెల్లాంటి పైరైటు (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) గుత్తులు ఇత్తడి రంగులో స్పష్టంగా కనిపించాయి.

పొడి దగ్గర మాత్రం నష్టపోయాను. పెన్సిలుతో గుర్తుపెట్టిన చోట్ల సన్నని డ్రిల్లుతో తీయమంటే, రెండు ముక్కలను మొత్తంగా నూరేశారు. మీథేన్‌ను సూక్ష్మజీవులు సల్ఫేటుతో ఆక్సీకరణం చేసినప్పుడు వెలువడే బైకార్బనేటు కాల్షియంతో కలిసి ఈ రాయి ఏర్పడుతుంది. ఇది విడతలు విడతలుగా జరుగుతుంది కాబట్టి అరచేతిలో పట్టే ముక్కలోనే బూడిదరంగు మైక్రైటు (చాలా సన్నని రేణువుల కార్బనేటు), పగుళ్లలో సూదుల్లాంటి అరగొనైటు (కాల్షియం కార్బనేటులో ఒక రకం) ఆనవాళ్లు, చివరగా పేరుకున్న తెల్లని స్పార్ (పెద్ద స్ఫటికాల కాల్సైటు) పక్కపక్కనే ఉంటాయి. ఇవి పుట్టిన నీరు ఒకటి కాదు. ఆక్సిజన్ ఉన్న నీటిలో సీరియం అనే అరుదైన లోహం ఆక్సీకరణం చెంది మాంగనీసు, ఇనుము ఆక్సైడ్లకు అంటుకుపోతుంది కాబట్టి, అక్కడ పుట్టిన కార్బనేటులో దాని సాటి లోహాలైన లాంథనం, ప్రేసియోడిమియంలతో పోలిస్తే సీరియం లోటు కనిపిస్తుంది. ఆక్సిజన్ లేని బురదనీటిలో ఆ లోటు ఉండదు, ఒక్కోసారి మిగులే కనిపిస్తుంది. అన్నీ కలిపి నూరితే ఆ తేడా చెరిగిపోతుంది. బంకమట్టి కలిస్తే దానిలోని సీరియం కూడా లెక్కలోకి వస్తుంది.

మిగిలిన నాలుగు ముక్కలనుంచి మా ల్యాబులో నేనే డ్రిల్లుతో తీసి, మట్టి కరగకుండా పలుచని ఎసిటిక్ ఆమ్లంలో కరిగించాను. ఆక్సిజన్ లేనిచోట పేరుకునే యురేనియం, మాలిబ్డినం ఎక్కువగా ఉన్నా అడుగునీటిలో ఆక్సిజన్ లేదని వెంటనే రాసేయకూడదు, ఎందుకంటే ఊటలోని సల్ఫైడు బురదలోపలే ఆ గుర్తు వేయగలదు.

2006లో గ్యాస్ హైడ్రేట్ల (మంచులాంటి స్ఫటికాల్లో చిక్కుకున్న మీథేన్) కోసం తవ్వకాలు జరిగిన కృష్ణా–గోదావరి బేసిన్ నమూనాలు చేతిలో ఉన్నవారు కూడా స్లైడ్లను నిశ్చింతగా ఇక్కడ చేయించుకోవచ్చు. ముక్కలో సగం మాత్రం ముందుగా కోసి ఇంట్లో ఉంచుకోండి.