నడుస్తూ తీసే ఫోటోలకు 50 కాదు, 24: కెనాన్ పాన్‌కేక్ లెన్స్‌తో రెండేళ్లు

కెమెరా కొన్న ఎవరికైనా మొదట వచ్చే సలహా ఒకటే, "ఒక 50 ఎంఎం కొనుక్కో". (ఈ ఎంఎం అంకె పెద్దదైతే లెన్స్ ఇరుకుగా, దగ్గరగా చూస్తుంది, చిన్నదైతే వెడల్పుగా.) నాకూ అదే చెప్పారు, నేనూ అదే కొన్నాను. నాది కెనాన్ 200డి, దాంతో వచ్చిన 18-55 కిట్ లెన్స్ ఉంది, ఆ తర్వాత తీసుకున్నది 50 ఎంఎం ఎఫ్ 1.8 ఎస్‌టీఎం. మంచి లెన్సే, దాన్ని తప్పు పట్టను. కానీ నేను ఫోటోలు తీసేది వైజాగ్ వీధుల్లో, మార్కెట్లో, నడుస్తూ. ఆ పనికి అది సరిపోలేదు. ఎందుకు సరిపోలేదో నాకు తెలిసొచ్చింది పూర్ణా మార్కెట్లో, పూలమ్మే ఒకావిడ ముందు.

ఆవిడ మల్లెపూలు మూర వేస్తోంది. దండ కొసని మోచేతి దగ్గర ఆనించి, రెండో కొసని మధ్యవేలి చివరిదాకా లాగి, "ఒకటి" అని అక్కడ బొటనవేలితో నొక్కి పట్టుకుని మళ్లీ మోచేతికి తెస్తోంది. చేతి మీద నీటి చుక్కలు, వేలికి అంటుకున్న తెల్లటి దారం ముక్క. నాకు ఆ చెయ్యి మొత్తం కావాలి, ఆవిడ ముఖమూ కావాలి, ముందున్న తట్ట కూడా కాస్త కనబడాలి. 50తో చూస్తే ముఖం వస్తే చెయ్యి తెగిపోతోంది, చెయ్యి వస్తే ముఖం పోతోంది. ఒక అడుగు వెనక్కి వేశాను, ఇంకో అడుగు వేశాను. "ఏటి బాబూ, ఎనక్కెనక్కి ఎల్లిపోతన్నావు, ఆ తట్ట తొక్కేస్తావు సూడు" అంది. నిజంగానే నా మడమ కొత్తిమీర తట్ట అంచుకి తగులుతోంది. పక్కకి జరిగి సర్దుకునేసరికి దండ ఆకులో చుట్టేసి కొన్నావిడ చేతిలో పెట్టేసింది.

ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాను. 200డి లాంటి కెమెరాల్లో సెన్సర్, అంటే వెలుతురు పడి ఫోటో ఏర్పడే చిప్, చిన్నది, వెడల్పు 22.3 ఎంఎం. దీని మీద 50 పెడితే, పెద్ద సెన్సర్ ఉన్న ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో 80 ఎంఎం లెన్స్‌తో ఎంత కనబడుతుందో అంతే కనబడుతుంది. అంటే ఆరడుగుల మనిషిని నిలువు ఫ్రేములో తల నుంచి కాలి దాకా, పైనా కిందా కొంచెం చోటు వదిలి పట్టుకోవాలంటే సుమారు పద్నాలుగున్నర అడుగుల దూరంలో నిలబడాలి. మన మార్కెట్ సందుల్లో పద్నాలుగు అడుగుల ఖాళీ ఎక్కడుంటుంది? ఉన్నా ఆ మధ్యలో స్కూటర్ వస్తుంది, తోపుడుబండి వస్తుంది. అదే 24 ఎంఎంతో ఏడడుగులు చాలు. లెన్స్ ఎంచుకునేటప్పుడు అందరూ ముందు ఎఫ్ నంబరు చూస్తారు (అది ఎంత తక్కువైతే లోపలికి అంత ఎక్కువ వెలుతురు), బ్యాక్‌గ్రౌండ్ ఎంత బ్లర్ అవుతుందని అడుగుతారు. నడుస్తూ తీసేవాళ్లు ముందు అడగాల్సింది, నేను తిరిగే చోట నా వీపుకీ గోడకీ మధ్య ఎంత చోటుంటుంది అని.

కొనే ముందు పైసా ఖర్చు లేకుండా ఒక పరీక్ష చేసుకోవచ్చు, నేను చేశాను. కిట్ లెన్స్ జూమ్ రింగ్‌ని 24 గుర్తు దగ్గర పెట్టి టేపు అంటించేశాను, ఆ ఆదివారమంతా దాన్ని కదపలేదు. తర్వాతి ఆదివారం 35 దగ్గర, ఆ పై ఆదివారం 55 దగ్గర. మూడు వారాల ఫోటోలూ కంప్యూటర్లో పక్కపక్కన పెట్టుకుని చూస్తే, 55 దగ్గర తీసినవాటిలో మనుషులు బాగా వచ్చారు కానీ వాళ్లు ఎక్కడున్నారో తెలియడం లేదు. 35 ఫర్వాలేదు. 24తో తీసినవాటిలో మనిషీ ఉన్నాడు, అతని అంగడీ ఉంది, పైన వేలాడే తక్కెడ కూడా ఉంది. ఆ రాత్రే నిర్ణయించుకున్నాను.

కెనాన్ ఈఎఫ్-ఎస్ 24 ఎంఎం ఎఫ్ 2.8 ఎస్‌టీఎం 2014లో వచ్చింది. నేను సెకండ్‌హ్యాండ్‌లో 7,500కి తీసుకున్నాను. బరువు 125 గ్రాములు, మందం 22.8 ఎంఎం, అంటే అంగుళం కూడా లేదు. పాన్‌కేక్ అని ఊరికే అనలేదు, కెమెరాకి తగిలిస్తే మూత పెట్టినట్టు ఉంటుంది. 200డి బరువు బ్యాటరీతో కలిపి 453 గ్రాములు, రెండూ కలిపి ఆరు వందల గ్రాములు కూడా దాటవు. ఇది చిన్న విషయం అనిపించొచ్చు, నా దృష్టిలో ఇదే పెద్ద విషయం. ఇంతకుముందు కెమెరా కావాలనుకున్న రోజు మాత్రమే బయటికి తీసేవాణ్ణి, ఇప్పుడు ఆఫీసు బ్యాగులో టిఫిన్ బాక్స్ పక్కన రోజూ ఉంటోంది. ఎదుటివాళ్లు కూడా దీన్ని చూసి బిగుసుకోరు. పొడుగాటి లెన్స్ ఎత్తగానే చీర కొంగు సర్దుకునేవాళ్లు, "ఏ పేపరు బాబూ?" అని అడిగేవాళ్లు దీని ముందు మామూలుగా కబుర్లాడతారు. ఏడడుగుల దూరం అంటే మాట వినబడే దూరం కూడా. పేరు అడిగి, రేటు అడిగి, నవ్వాక తీసిన ఫోటోకీ, రోడ్డవతల నుంచి తీసిన ఫోటోకీ తేడా ఎవరైనా చెప్పేస్తారు.

ఇంకో సంగతి, దీని గురించి ఎవరూ గట్టిగా చెప్పరు. ఈ లెన్స్ 16 సెంటీమీటర్ల దగ్గర నుంచి ఫోకస్ చేస్తుంది, అదీ సెన్సర్ నుంచి కొలిస్తే. లెన్స్ ముందు భాగం నుంచి చూస్తే జానెడు కూడా ఉండదు. 50కి కనీసం 35 సెంటీమీటర్లు కావాలి. నెల తర్వాత ఆ పూలావిడ దగ్గరికే మళ్లీ వెళ్లి, ఎదురుగా గొంతుక్కూర్చుని రెండున్నర అడుగుల నుంచి తీశాను. మోచేయి నుంచి వేలి దాకా దండ, ముఖం, తట్ట, అన్నీ వచ్చాయి. తర్వాత ఇంకా దగ్గరికి వంగి వేళ్ల మధ్య ముడి పడుతుండగా తీశాను, మొగ్గ కాడ దగ్గరి పచ్చదనం కూడా కనబడుతుంది. లెన్స్ మార్చలేదు, లేవలేదు.

లోపాలు కూడా చెప్పాలి. ఎఫ్ 2.8 అంటే 50 ఇచ్చే ఎఫ్ 1.8తో పోలిస్తే వెలుతురు తక్కువ, 50 లోపలికి సుమారు రెండున్నర రెట్లు ఎక్కువ వెలుతురు వస్తుంది. ఫిషింగ్ హార్బర్‌కి తెల్లవారకముందే వెళ్తే ఆ తేడా బాగా తెలుస్తుంది. చేపల వేలంపాట జరిగే చోట చుట్టూ మనుషులు వలయంలా మూగుతారు, మధ్యలో వంజరాలు గుట్టగా పోసి ఉంటాయి, ఎవరి చెయ్యీ ఒక్క క్షణం ఆగదు. షట్టర్ స్పీడు 1/125 కన్నా తగ్గిస్తే చేతులన్నీ చెదిరిపోతాయి, కాబట్టి ఐఎస్‌ఓ (తక్కువ వెలుతురులో ఫోటోని ప్రకాశవంతం చేసే సెట్టింగు) 3200 దాకా వెళ్లక తప్పదు, ఒక్కోసారి 6400. గ్రెయిన్, అంటే ఫోటో మీద చుక్కచుక్కల గరుకుదనం, వస్తుంది. రా ఫైల్ (కెమెరా సరిదిద్దకుండా ఇచ్చే ముడి ఫైల్) తీసి ఇంట్లో సరిచేసుకుంటే నాకు ఫర్వాలేదు, మీకు నచ్చకపోవచ్చు. చేతి వణుకుని సర్దే స్టెబిలైజేషన్ కూడా లేదు, అది కిట్ లెన్స్‌లో ఉంది. కదలని గుడి గోపురాన్ని రాత్రిపూట తీయాలంటే నేనే మళ్లీ కిట్ లెన్స్ తగిలిస్తాను.

ఎఫ్ 2.8 దగ్గర మూలలు కాస్త నల్లబడతాయి, షార్ప్‌నెస్ కూడా తగ్గుతుంది, 4కో 5.6కో వెళ్తే సర్దుకుంటుంది. వీడియో తీసేటప్పుడు ఫోకస్ మోటారు చప్పుడు చిన్నగా వినబడుతుంది, కెమెరాలో ఉన్న మైక్ మీద ఆధారపడితే అది రికార్డవుతుంది కూడా. పక్క వెలుతురు పడకుండా ముందు తగిలించే హుడ్ బాక్సులో రాదు, విడిగా కొనాలి. ముఖ్యంగా ఒక మనిషి ముఖం మాత్రమే ఫ్రేము నిండా కావాలంటే దీంతో తీయకండి, అంత దగ్గరికి వెళ్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. ఆ పని 50దే. అందుకే 50ని అమ్మలేదు, ఇంట్లో పుట్టినరోజులకీ పెళ్లిళ్లకీ అదే తీస్తాను.

ఈఎఫ్-ఎస్, అంటే చిన్న సెన్సర్ కెమెరాల కోసం చేసిన లెన్స్ కాబట్టి కెనాన్ ఫుల్‌ఫ్రేమ్ డీఎస్‌ఎల్‌ఆర్‌లకి ఇది ఎక్కదు, 6డి లాంటిది కొనే ఆలోచన ఉంటే ఇప్పుడే చూసుకోండి. ఆర్50, ఆర్10 లాంటి మిర్రర్‌లెస్ ఉన్నవాళ్లు అడాప్టర్ వేసుకుని వాడొచ్చు గానీ అడాప్టర్‌తో కలిస్తే పాన్‌కేక్ సుఖం పోతుంది, వాళ్లకి ఆర్‌ఎఫ్ 28 ఎంఎం ఎఫ్ 2.8 మేలు, 120 గ్రాములే. నికాన్ డీఎక్స్ (చిన్న సెన్సర్) డీఎస్‌ఎల్‌ఆర్ ఉన్నవాళ్లు ఎక్కువగా 35 ఎంఎం ఎఫ్ 1.8జి దగ్గర ఆగుతారు, సందుల్లో కొంచెం బిగుతుగా ఉంటుంది, వెలుతురు మాత్రం బాగా ఇస్తుంది.

సముద్రం పక్క ఊళ్లలో ఉండేవాళ్లకి ఒక మాట. నా 50ని ఒక వానాకాలమంతా కెమెరా బ్యాగులోనే, బీరువాలో వదిలేశాను. బయటికి తీసి వెలుతురుకి పట్టుకుంటే లోపలి గాజు మీద సాలెగూడు దారాల్లా ఫంగస్. శుభ్రం చేయించడానికి డబ్బూ పోయింది, పదిహేను రోజులూ పోయాయి. ఇప్పుడు రెండు లెన్సులూ గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో పెడుతున్నాను, గింజల రంగు మారగానే వేడి చేసి మళ్లీ వేస్తాను. ఈ 24కి నీళ్లు, దుమ్ము ఆపే సీలింగ్ కూడా లేదు, బీచ్ నుంచి రాగానే ఉప్పు తేమ పోయేలా మెత్తటి గుడ్డతో తుడవాలి.

సెకండ్‌హ్యాండ్‌లో కొనేటప్పుడు కూడా ఇదే చూడండి. రెండు మూతలూ తీసి, ఫోన్ టార్చ్ వెనక నుంచి వేసి, ముందు నుంచి కాస్త పక్కగా వంచి చూడాలి. దుమ్ము రేణువులు నాలుగైదు ఉంటే కంగారు పడక్కర్లేదు, కొమ్మలు కొమ్మలుగా పాకిన గీతలుంటే మాత్రం ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు. తర్వాత మీ కెమెరాకి తగిలించి, అరచేతిని దగ్గరగా పెట్టి ఫోకస్ చేయించండి, వెంటనే కిటికీ అవతలి చెట్టు మీదకి తిప్పండి. అలా పదిసార్లు. మధ్యలో ఎక్కడైనా ఆగినా, గరగరమన్నా తిరిగిచ్చేయండి. నేను అమ్మినతని గుమ్మం దగ్గర నిలబడి ఇదంతా చేశాను, అతను ఏమీ అనుకోలేదు, మంచినీళ్లు కూడా ఇచ్చాడు.