అమీర్‌పేట టైడల్ బ్యారేజీ కిట్: తొట్టి పర్వాలేదు, కరెంటే దొంగది

ఇంజనీరింగ్ ఫైనలియర్ ప్రాజెక్టుల సీజన్ వస్తే చాలు, అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల షాపుల్లో సోలార్ ట్రాకర్ల పక్కన ఒక నీళ్ల తొట్టి కూడా ప్రత్యక్షమవుతుంది. నది సముద్రంలో కలిసే మొగకు అడ్డంగా గోడ కట్టి, పోటు నీళ్లను లోపలికి పట్టి, పాటు వేళ, అంటే సముద్రం వెనక్కి తగ్గేటప్పుడు, టర్బైన్ల మీదుగా వదిలే టైడల్ బ్యారేజీ నమూనా అది. అలాంటి కిట్ ఒకటి తీసుకుని తొట్టి, సర్క్యూటు, రిపోర్టు దేనికది విడదీసి చూశాం. చెప్పే ధర 6,500 రూపాయలు, బేరమాడితే 5,500. సివిల్ వాళ్లకీ ట్రిపుల్‌ఈ (ఎలక్ట్రికల్) వాళ్లకీ అదే అంటగడుతున్నారు.

ముందు తొట్టి సంగతి. 90 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు. 6 మిల్లీమీటర్ల అక్రిలిక్ షీటు, మూలలు క్లోరోఫామ్‌తో అతికించారు. 20 సెంటీమీటర్ల మట్టానికి 54 లీటర్లు పోసినా పొట్ట ఉబ్బలేదు. కారేది ఒక్కచోటే, మధ్య అడ్డుగోడ అడుగున. అక్కడ క్లోరోఫామ్ కాకుండా సిలికాన్ పూస్తారు, అదీ చాలాసార్లు డెలివరీ ఇచ్చే రోజే. వాసన చూడండి. వెనిగర్ ఘాటు వస్తోందంటే అది ఇంకా ఆరలేదు. కనీసం 24 గంటలు ఆగి నీళ్లు పోయండి.

అసలు తప్పు అడ్డుగోడ ఉన్న చోటులో ఉంది. 30 సెంటీమీటర్ల దగ్గర గోడ పెట్టి చిన్న గదికి ‘సముద్రం’ అని, 60 సెంటీమీటర్ల పెద్ద గదికి ‘నది’ అని స్టిక్కర్లు అంటించారు. సముద్రం నది కంటే చిన్నదన్నమాట! ఇది నవ్వి వదిలేసే విషయం కాదు. పోటు మట్టం 20, పాటు మట్టం 8 అనుకోండి, రెంటి మధ్య తేడా 12 సెంటీమీటర్లు. గేటు తెరిస్తే నది గదిలోంచి 7 లీటర్లు దిగేసరికే సముద్రం గదిలో నీళ్లు పెరిగి రెండు మట్టాలూ కలిసిపోతాయి. అంటే అందాల్సిన శక్తిలో మూడో వంతే చేతికొస్తుంది. నిజం సముద్రం అలా నిండదు కదా. దీనికి మందు చవకే. సముద్రం గదికి 8 సెంటీమీటర్ల ఎత్తులో రంధ్రం చేయించి, ఒకటిన్నర అంగుళం పీవీసీ పైపూ బాల్ వాల్వూ బిగించి, బల్ల కింద 40 లీటర్ల టబ్బులోకి వదలండి. మట్టం 8 దగ్గరే నిలకడగా ఉంటుంది. కిట్‌తో ఇచ్చే 15 లీటర్ల బకెట్ ఎందుకూ పనికిరాదు, ఒక్క పాటుకు 32 లీటర్లు బయటికి పోవాలి మరి. మళ్లీ పోటు తేవడానికి ఇచ్చిన 5 వోల్టుల బుల్లి పంపుతో పావుగంట పడుతుంది. దాన్ని తీసేసి 18 వాట్ల ఎయిర్ కూలర్ మోటారు పెట్టండి, మూడు నిమిషాల్లో పని అయిపోతుంది.

ఇక్కడొక లెక్క వేసి చూపిస్తే వైవాలో (నోటి పరీక్షలో) ఎగ్జామినర్ కుర్చీలో ముందుకు జరుగుతారు. నది గది వైశాల్యం 0.18 చదరపు మీటర్లు, తేడా 0.12 మీటర్లు. నిలవున్న శక్తి, అంటే సాంద్రత, గురుత్వం, వైశాల్యం, ఎత్తు వర్గం అన్నీ గుణించి సగం చేస్తే, 12.7 జౌల్స్. ఆ నీళ్లు పైకి తోడటానికి కూలర్ మోటారు మూడు నిమిషాల్లో మింగింది 3,200 జౌల్స్ పైమాటే. మొగ దగ్గర ఈ తోడే పని చంద్రుడు చేస్తాడు, బిల్లు పంపడు. అందుకే అక్కడ బేరం గిట్టుబాటవుతుందేమోనన్న ఆశ, ఇక్కడ మాత్రం ఎన్నటికీ కాదు.

ఇక కరెంటు. గేటు తెరవగానే ఎల్‌ఈడీ వెలుగుతుంది, షాపులో డెమో అదిరిపోతుంది. తొట్టి తిప్పి వెనక వైర్లు చూస్తే టర్బైన్ నుంచి వచ్చే రెండు వైర్లు టేపు చుట్టుకుని ఎటూ పోకుండా ఆగిపోయాయి. ఎల్‌ఈడీ ఎర్ర వైరు కిట్‌ను నడిపే చిన్న కంప్యూటర్ బోర్డు ఆర్డునో 7వ పిన్నులో గుచ్చి ఉంది. గేటు తెరవమన్న లైను కిందే ఆ పిన్ను ఆన్ చేయమని కోడులో రాశారు. తొట్టిలో చుక్క నీరు లేకపోయినా దీపం వెలుగుతుంది! కౌంటర్లో కుర్రాణ్ని అడిగితే మొహమాటం లేకుండా చెప్పాడు: “వైవాల గదంత ఎవ్వరు అడగరన్నా, లైట్ వెల్గితె మార్కులు పడ్తయ్.”

ఈ మోసానికి కారణం టర్బైన్ ఎంపిక. పెట్టింది ఎఫ్50 రకం, నల్లా పైపుకు బిగించే అరంగుళం హైడ్రో జనరేటరు. అది తిరగడం మొదలవ్వాలంటేనే 0.05 మెగాపాస్కల్ పీడనం కావాలి, అంటే 5 మీటర్ల నీటి ఎత్తు. తొట్టిలో ఉన్నది 12 సెంటీమీటర్లు. ఎంత మొక్కినా తిరగదు. మొగల్లో బల్బ్ టర్బైన్లు వాడేదీ ఇందుకే: తక్కువ ఎత్తు, ఎక్కువ నీరు. ఫ్రాన్స్‌లోని లా రాన్స్‌లో 1966 నుంచి నడుస్తున్న 24 టర్బైన్లు ఒక్కోటి 10 మెగావాట్లవి, చక్రం వ్యాసం 5.35 మీటర్లు.

తొట్టికి సరిపడేది ఇలా చేసుకోవచ్చు. కోఠి గుజరాతీ గల్లీలో పాత డీవీడీ ట్రేల మోటార్లు దొరుకుతాయి. గేర్లు లేనిది ఏరుకోండి, వేళ్లతో తిప్పితే అడ్డం పడకుండా తిరగాలి. దాని ఇరుసుకు ప్లాస్టిక్ చెంచాల తలలు ఆరు అంటించి, అడ్డుగోడలో 20 మిల్లీమీటర్ల రంధ్రం ఎదురుగా పెట్టండి. మొదట్లో సెకనుకు 0.3 లీటర్లు పారుతుంది, నీటిలో ఉన్న పవర్ మూడోవంతు వాటు. అందులో పదోవంతు దక్కినా ఎర్ర ఎల్‌ఈడీకి చాలు, కానీ మోటారు ఇచ్చే వోల్టేజీ ఒక వోల్టుకు లోపే ఉంటుంది. మధ్యలో తక్కువ వోల్టేజీని పెంచే చిన్న సర్క్యూటు, జూల్ థీఫ్, పెట్టాలి: ఒక 2ఎన్2222 ట్రాన్సిస్టరు, 1 కిలోఓమ్ రెసిస్టరు, ఫెర్రైట్ రింగు మీద జంట తీగతో 20 చుట్లు. దీపం మిణుకుమిణుకుమంటుంది, మట్టం దిగేకొద్దీ కునికి ఆరిపోతుంది. ఆ ఆరిపోవడమే ఈ ప్రాజెక్టులో చూపించాల్సిన అసలు విషయం.

గేటు లాగే ఎస్‌జీ90 సర్వోకు (చెప్పినంత మేరకే తిరిగే చిన్న మోటారుకు) కరెంటు ఆర్డునో 5 వోల్టుల పిన్ను నుంచే ఇచ్చారు. నీళ్ల ఒత్తిడికి గేటు గాడిలో బిగుసుకుంటే సర్వో గట్టిగా లాగుతుంది, వోల్టేజీ పడిపోయి బోర్డు రీసెట్ అవుతుంది. 5 వోల్టులు 2 ఆంపియర్ల అడాప్టరు విడిగా పెట్టి గ్రౌండు కలపండి, మెటల్ గేర్ల సర్వో అయితే ఇంకా నయం. కోడు గేటును 10 సెకన్ల టైమరుతో తెరుస్తోంది, అదీ తప్పే. పోటులో నింపాలి, మూయాలి, బయట మట్టం దిగేదాకా కదలకుండా కూర్చోవాలి, తేడా 8 సెంటీమీటర్లు దాటాక టర్బైన్ దారి తెరవాలి, 3కి పడితే ఆపాలి. నీటి మట్టం కొలిచే రెండు అల్ట్రాసోనిక్ సెన్సార్లు కిట్‌లో ఉన్నా వాటిని ఎల్‌సీడీలో అంకెలు చూపడానికే వాడారు. 2 సెంటీమీటర్ల కంటే దగ్గరికి నీళ్లొస్తే అవి గుడ్డివి, కాస్త ఎత్తులో బిగించండి.

రిపోర్టు గురించి తక్కువ చెప్పుకోవడం మంచిదే గానీ, అయిదో అధ్యాయాన్ని వదల్లేం. ‘కాకినాడ దగ్గర ప్రైవేటు పెట్టుబడితో బ్యారేజీ, 7 ఏళ్లలో డబ్బు వెనక్కి’ అని దాని సారం. అక్కడ పోటుపాట్ల తేడా 5 మీటర్లని రాశారు. అమావాస్య, పౌర్ణమి నాడు కూడా మన తీరంలో అది ఒకటిన్నర మీటరు చుట్టూనే. 5.23 అనేది గుజరాత్‌లో కచ్ సింధుశాఖ సగటు; దాన్నే తెచ్చి అతికించినట్టుంది. శక్తి ఎత్తు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి ఈ ఒక్క అంకెతో ఉత్పత్తి 11 రెట్లు పెరిగిపోయింది. పోటు అంచనాలు ఇచ్చే కేంద్ర సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ మన ప్రగతినగర్‌లోనే ఉంది, జేఎన్‌టీయూ మెట్రో స్టేషన్ నుంచి ఆటో దూరం.

రెండో తప్పు: మెగావాట్లను ఏడాదిలోని 8,760 గంటలతో గుణించేశారు. ఆ లెక్కన 240 మెగావాట్ల లా రాన్స్ ఏటా 2,100 గిగావాట్ అవర్లు ఇవ్వాలి. ఇచ్చేది 500 చుట్టూ. పోటు 12 గంటల 25 నిమిషాలకోసారి వస్తుంది, మధ్యలో టర్బైన్లు ఖాళీ. అష్టమి రోజుల్లో పోటే చిన్నది.

మూడోది వడ్డీ. 1,000 కోట్ల పని 7 ఏళ్లు సమానంగా సాగి, అప్పు 10 శాతం మీద తెస్తే, మొదటి యూనిట్ పుట్టే నాటికి బాకీ 1,355 కోట్లు. గోడ వందేళ్లు నిలవొచ్చు, అప్పిచ్చినవాడు వందేళ్లు ఆగడు. అదే 10 శాతం మీద యాభై ఏళ్ల తర్వాతొచ్చే 100 రూపాయలు ఇవాళ రూపాయి కూడా చేయవు. లా రాన్స్‌ను కట్టింది ఫ్రాన్స్ ప్రభుత్వ విద్యుత్ సంస్థ. 2011లో మొదలైన దక్షిణ కొరియా సిహ్వా, 254 మెగావాట్లు, అక్కడి ప్రభుత్వ జల సంస్థది. అదీ ముందే ఉన్న సముద్రపు గోడను వాడుకుంది. పూర్తిగా ప్రైవేటు డబ్బుతో బ్రిటన్‌లో సెవెర్న్ మొగకు 18 కిలోమీటర్ల బ్యారేజీ కడతామని హాఫ్రెన్ పవర్ 2,500 కోట్ల పౌండ్ల ప్రతిపాదన తెచ్చింది. 2013లో పార్లమెంటు కమిటీ అది నమ్మదగ్గట్టు లేదంది. అక్కడే 130 కోట్ల పౌండ్ల స్వాన్సీ లగూన్ పోటు విద్యుత్ ప్రాజెక్టుకు 2018లో ప్రభుత్వం మద్దతివ్వలేదు. మన సుందర్బన్స్‌లో దుర్గాదువానీ పోటు విద్యుత్ ప్రాజెక్టు 3.75 మెగావాట్లకే అంచనా 238 కోట్లకు చేరి ఆగిపోయింది. వీటిలో ఒక్కటీ రిపోర్టులో లేదు. ఆ అధ్యాయం చింపేసి ఈ అంకెలతో ‘ఎందుకు గిట్టదు’ అని మీరే రాసుకోండి.

రిపోర్టు వద్దంటే 1,500 తగ్గిస్తారు, తొట్టి ఒక్కటే అడిగితే 2,200కి ఇస్తారు. తొట్టి మాత్రం తీసుకుని మిగతావి కోఠిలో కొనుక్కోవడమే మేలు. ఆటోలోకి ఎక్కించేటప్పుడు అడ్డుగోడ పట్టుకుని ఎత్తకండి, అడుగున చేతులు పెట్టి ఎత్తండి. సిలికాన్ ఊడేది అక్కడే.