రెమింగ్టన్, కోల్ట్, విన్‌చెస్టర్, మార్లిన్: పాత కంపెనీకి ఎలాంటి యజమాని మేలు?

టైపు లోయర్, హయ్యర్ పరీక్షలు రాసిన తరానికి రెమింగ్టన్ పేరు బాగా తెలుసు. నేనూ ఆ మిషన్ మీదే వేళ్లు నొప్పి పుట్టేదాకా టైపు నేర్చుకున్నాను. అది అసలు తుపాకుల కంపెనీ పేరని మాత్రం చాలా ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు.

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో ఇలియన్ అనే చిన్న ఊరుంది. ఎలిఫలెట్ రెమింగ్టన్ 1816లో తండ్రి కొలిమిలో ఒక తుపాకీ గొట్టం సాగగొట్టి తయారు చేశాడు. 1828లో ఎరీ కాలువ పక్కనున్న ఇలియన్‌కు పని మార్చాడు. 1873లో అదే ఫ్యాక్టరీలో టైపు మిషన్ల తయారీ కూడా మొదలైంది. మన ఫోన్లలో ఇప్పటికీ కనిపించే అక్షరాల వరస జనానికి అలవాటైంది ఆ మిషన్లతోనే. 1886లో కంపెనీ అప్పుల్లో పడి టైపు మిషన్ల వ్యాపారం అమ్మేసింది. 1888లో తుపాకుల వ్యాపారం కూడా రెమింగ్టన్ కుటుంబం చేయి దాటిపోయింది. ఆ తర్వాత ఎన్ని చేతులు మారినా ఇలియన్‌లో పని ఆగలేదు. చివరికి 2024 మార్చిలో ఆ ఫ్యాక్టరీ మూతపడింది.

ఇది రెమింగ్టన్ ఒక్కదాని కథ కాదు. కోల్ట్, విన్‌చెస్టర్, మార్లిన్ కూడా పందొమ్మిదో శతాబ్దంలో పుట్టి, ఈ యాభై ఏళ్లలో దివాలానో, అమ్మకమో చూసినవే. ఒక్కో కంపెనీ ఒక్కో రకం యజమాని చేతిలో పడింది. ఒకదానికి పెట్టుబడి ఫండ్, ఒకదానికి పనివాళ్లూ ప్రభుత్వమూ, ఒకదానికి పరదేశపు తుపాకుల కంపెనీ, ఒకదానికి సొంత దేశంలోని పోటీదారు. వీటిలో ఏది మేలు? ఒకే రకం వ్యాపారానికి నాలుగు రకాల యజమానులను పక్కపక్కన పెట్టి చూసే అవకాశం అరుదుగా దొరుకుతుంది.

నాకు తుపాకులంటే మోజు లేదు. అమెరికాలో వాటివల్ల పోతున్న ప్రాణాల సంగతి చదివినప్పుడల్లా మనసు పాడవుతుంది. అయినా మూడు తరాలు ఒకే ఫ్యాక్టరీలో పని చేసిన కుటుంబాల గతి ఏమైందన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్నను వదిలేయడం నాకు న్యాయమనిపించలేదు. అందుకే ఇక్కడ రెండే చూస్తున్నాను: సరుకు ఎలా తయారైంది, పనివాళ్లకు ఏం మిగిలింది.

ముందు ఫండ్ సంగతి. 1933లో రెమింగ్టన్‌లో 60 శాతం వాటాను డ్యూపాంట్ అనే రసాయనాల కంపెనీ కొన్నది. 1993 దాకా, అంటే 60 ఏళ్లు, దగ్గర ఉంచుకుంది. రెమింగ్టన్‌కు పేరు తెచ్చిన 870 షాట్‌గన్ 1950లో, 700 రైఫిల్ 1962లో వచ్చాయి. రెండూ ఆ కాలానివే. అయితే డ్యూపాంట్‌ను నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. ట్రిగ్గర్ నొక్కకుండానే 700 రైఫిల్ పేలుతోందని ఫిర్యాదులు దశాబ్దాల తరబడి వచ్చాయి. తప్పేమీ లేదని కంపెనీ వాదిస్తూనే వచ్చింది. చివరికి కోర్టులో కుదిరిన ఒప్పందం కిందికి దాదాపు 75 లక్షల తుపాకులు వచ్చాయి. ఎక్కువ కాలం నిలిచిన యజమాని మంచి యజమానే అవుతాడన్న హామీ లేదు.

డ్యూపాంట్ తర్వాత వచ్చినవాళ్లు పెట్టుబడి సంస్థలవాళ్లు. 2007లో సెర్బెరస్ అనే ప్రైవేట్ ఈక్విటీ ఫండ్ దాదాపు 11.8 కోట్ల డాలర్లు ఇచ్చి, మరో 25 కోట్ల డాలర్ల పాత అప్పును నెత్తికెత్తుకుని రెమింగ్టన్‌ను కొన్నది. బుష్‌మాస్టర్, మార్లిన్ లాంటి మరికొన్ని కంపెనీలను కలిపి ఫ్రీడమ్ గ్రూప్ అని పేరు పెట్టింది. అందరినీ ఒక గొడుగు కిందికి తెచ్చి, ఖర్చు తగ్గించి, మంచి ధర వచ్చినప్పుడు షేర్ మార్కెట్లో అమ్ముకోవాలన్నది పథకం. ఈలోగా కంపెనీ పేరు మీద కొత్త అప్పులు తెచ్చి, ఆ డబ్బులో కొంత పెట్టి యజమాని దగ్గరున్న వాటాలనే వెనక్కి కొన్నారు. పాడిగేదెను తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు యజమాని జేబులోకి పోతే, ఇక ఆ గేదె ఇచ్చే పాలన్నీ వడ్డీకే సరిపోతాయి. దాణాకు మిగలదు. రెమింగ్టన్‌కు జరిగింది అదే.

2012 డిసెంబర్ 14న కనెటికట్‌లోని శాండీ హుక్ స్కూల్లో 20 మంది పిల్లలు, ఆరుగురు పెద్దలు కాల్పుల్లో చనిపోయారు. వాడిన తుపాకీ బుష్‌మాస్టర్. నాలుగు రోజుల్లోనే సెర్బెరస్ తుపాకుల వ్యాపారం అమ్మేస్తామని ప్రకటించింది. అమ్మకం మాత్రం జరగలేదు. అప్పు పెరుగుతూనే పోయింది. 2014లో అలబామా రాష్ట్రం ఇచ్చిన రాయితీలు తీసుకుని హంట్స్‌విల్‌లో పెద్ద ఫ్యాక్టరీ పెట్టారు. అప్పటికే నడుస్తున్న కొన్ని చిన్న ఫ్యాక్టరీలు మూసి ఆ పని అక్కడికి తరలించారు. 2016 ఎన్నికల తర్వాత, తుపాకుల మీద ఆంక్షలు వస్తాయన్న భయం తగ్గి, దేశమంతా కొనుగోళ్లు పడిపోయాయి. 2018 మార్చిలో దివాలా. అప్పులవాళ్లే వాటాదారులయ్యారు. 2020 జూలైలో రెండోసారి దివాలా. ఈసారి కంపెనీని ముక్కలు చేసి వేలం వేశారు. తూటాల వ్యాపారం విస్టా అవుట్‌డోర్‌కు 8 కోట్ల డాలర్లకు పైగా పలికింది. రెమింగ్టన్ తుపాకులూ ఇలియన్ ఫ్యాక్టరీ కలిపి రౌండ్‌హిల్ గ్రూప్‌కు 1.3 కోట్లకే పోయాయి. ఆ అక్టోబర్‌లో ఇలియన్‌లో 585 మందిని ఒక్కసారిగా తీసేశారు. కరోనా రోజుల్లో, ఆరోగ్య బీమాతో సహా పోయింది. శాండీ హుక్ కుటుంబాలు వేసిన కేసులో 2022లో ఒప్పుకున్న 7.3 కోట్ల డాలర్లు కట్టింది బీమా కంపెనీలు.

కాబట్టి ఫండ్ యాజమాన్యానికి నేను ఏ మార్కూ వేయను. తప్పంతా అత్యాశదేనని తేల్చడం తేలిక. నాకు అంతకంటే ముఖ్యంగా కనిపించింది ఒకటుంది. ఐదేళ్లలోనో ఏడేళ్లలోనో అమ్ముకుని పోవాలనుకునేవాడికి, ఇరవై ఏళ్లు ఆడాల్సిన మిషన్ కొనడానికి చెయ్యి రాదు.

ఇక పనివాళ్ల యాజమాన్యం. మనసుకు నచ్చేది ఇదే. నేను కూడా ఇది గెలిచి ఉంటే బాగుండునని ఆశపడుతూనే చదివాను. కోల్ట్ కంపెనీలో 1986 జనవరిలో మొదలైన సమ్మె నాలుగేళ్లకు పైగా నడిచింది. సమ్మె నడుస్తుండగానే 1988లో ఎం16 రైఫిళ్ల సైనిక ఆర్డర్ బెల్జియం కంపెనీ ఎఫ్ఎన్ తన్నుకుపోయింది. 1990లో కంపెనీని కొత్త పెట్టుబడిదారులు కొన్నారు. కనెటికట్ రాష్ట్ర ఉద్యోగుల పెన్షన్ డబ్బులోంచి 2.5 కోట్ల డాలర్లు పెట్టి రాష్ట్రం 47 శాతం వాటా తీసుకుంది. యూనియన్‌కూ వాటా దక్కింది. సమ్మె చేసినవాళ్లు మళ్లీ పనిలోకి వచ్చారు. వాళ్లకు అది నిజమైన విజయం. కానీ పెద్ద ఆర్డర్ అప్పటికే పోయింది. రెండేళ్లు తిరగకుండా 1992 మార్చిలో దివాలా. మరుసటి ఏడాది అదే రాష్ట్ర శాసనసభ, కోల్ట్ తయారు చేసే స్పోర్టర్ రైఫిల్‌ను నిషేధించింది. నిషేధం తప్పని నేను అనను. ఒక చేత్తో వాటా పట్టుకుని, ఇంకో చేత్తో ఆ సరుకునే ఆపాల్సిన పరిస్థితిలోకి ప్రభుత్వం దిగడమే పొరపాటు.

విన్‌చెస్టర్ దారీ దాదాపు ఇంతే. న్యూ హేవెన్‌లో 1979-80లో సమ్మె జరిగింది. 1981లో అప్పటి యజమాని ఓలిన్ కంపెనీ ఫ్యాక్టరీని అందులో పని చేసేవాళ్లు పెట్టుకున్న కొత్త సంస్థకు అమ్మేసింది. ఇక్కడొక మెలిక ఉంది. విన్‌చెస్టర్ అన్న పేరు అమ్మలేదు, లైసెన్స్ మాత్రమే ఇచ్చింది. పాత భవనాలూ పాత మిషన్లూ పనివాళ్లవి, పేరు ఇంకొకరిది. 1986లో ఆ సంస్థ దివాలా తీసింది. పనివాళ్లకు పని రాక కాదు, మూలధనం లేక. చేతిలో నాలుగు డబ్బుల్లేనివాడికి శిథిలమైన ఇంటిని దానం చేసినట్టయింది.

అక్కడి నుంచి విన్‌చెస్టర్ పరదేశపు తుపాకుల కంపెనీ చేతికి వచ్చింది. ఆ కంపెనీ, కోల్ట్ ఆర్డర్ తన్నుకుపోయిన ఎఫ్ఎన్ వర్గమే. 1997 నుంచి దాని యజమాని బెల్జియంలోని వలోనియా ప్రాంత ప్రభుత్వం. అమెరికా పశ్చిమాన్ని గెలిచిన తుపాకీ అని చెప్పుకునే పేరు, బెల్జియం ప్రభుత్వ సంస్థ లైసెన్స్ మీద నడుస్తోందన్నమాట. తుపాకీ బాగుపడింది. ఓలిన్ కాలంలో 1964లో ఖర్చు తగ్గించడానికి మోడల్ 70 రైఫిల్‌ను చౌకబారుగా మార్చారని కొనేవాళ్లు ఎంత బాధపడ్డారంటే, అంతకు ముందు చేసినవాటికి ఈనాటికీ ఎక్కువ ధర పెడతారు. ఎఫ్ఎన్ 2008లో దక్షిణ కెరొలైనాలోని తన ఫ్యాక్టరీలో మోడల్ 70ని మళ్లీ మొదలుపెడితే మంచి పేరు వచ్చింది. కింది పిడి లాగి తూటా ఎక్కించే లీవర్ రైఫిళ్లు జపాన్‌లో మిరోకు కంపెనీ చేస్తుంది, వాటి పనితనమూ మెచ్చదగ్గదే. కానీ న్యూ హేవెన్ ఫ్యాక్టరీని 2006 మార్చిలో మూసేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో వేలాది మంది పని చేసిన చోట చివరికి మిగిలింది 200 మంది లోపే. ఆ భవనాల్లో కొంత భాగం ఇప్పుడు అపార్ట్‌మెంట్లు.

మార్లిన్ దగ్గర కాస్త ఆగాలి. యజమాని మారితే ఒకే తుపాకీ ఎలా మారుతుందో ఇంత స్పష్టంగా ఇంకెక్కడా కనిపించదు. 1924లో మార్లిన్‌ను వేలం వేస్తే ఫ్రాంక్ కెన్నా అనే లాయర్ 100 డాలర్లకు పాడుకున్నాడు. దాంతో పాటు లక్ష డాలర్ల తాకట్టు అప్పు కూడా నెత్తిన పడింది. తుపాకులు అమ్ముడుపోని రోజుల్లో గడ్డం బ్లేడ్లు అమ్మి కంపెనీని నిలబెట్టారు. అలా ఎనభై ఏళ్లకు పైగా ఆ కుటుంబం నడిపింది. 2007 చివర్లో రెమింగ్టన్‌కు అమ్మింది. ఫండ్ పథకం ప్రకారం కనెటికట్‌లోని నార్త్ హేవెన్ ఫ్యాక్టరీ 2011లో మూతపడింది, పని ఇలియన్‌కు మారింది. మిషన్లు లారీలెక్కాయి, మనుషులు ఎక్కలేదు. అరిగిపోయిన పాత మిషన్ మీద ఏ భాగాన్ని ఎంత రాకాలో, ఎక్కడ బిగించాలో ఆ చేతులకు తెలుసు. కాగితం మీది డ్రాయింగులకు తెలియదు. ఇలియన్‌లో మొదట్లో తయారైన మార్లిన్ రైఫిళ్లు వంకర సైట్లతో, అతకని కర్ర భాగాలతో బయటికి వచ్చాయి. కొనేవాళ్లు రెమింగ్టన్, మార్లిన్ పేర్లు కలిపి రెమ్లిన్ అని ఎగతాళి చేశారు. బ్యారెల్ మీద జేఎం ముద్ర ఉంటే నార్త్ హేవెన్‌ది, కొనొచ్చు అనుకునే పరిస్థితి వచ్చింది. ఇలియన్ పనివాళ్ల చేతకానితనం అని దీన్ని తోసేయడం అన్యాయం. నేర్చుకోవడానికి వ్యవధి ఇవ్వకుండా పని అంటగట్టారు. తర్వాతి ఏళ్లలో వాళ్లే చాలావరకు సరిచేశారు.

2020 వేలంలో మార్లిన్‌ను పోటీ కంపెనీ రూగర్ దాదాపు 3 కోట్ల డాలర్లకు కొన్నది. అప్పు చేయలేదు, చేతిలో ఉన్న డబ్బే పెట్టింది. వెంటనే తుపాకులు గుమ్మరించలేదు. ఉత్తర కెరొలైనాలోని మేయోడాన్ ఫ్యాక్టరీలో తయారీని మొదటి నుంచి కొత్తగా రూపొందించుకుని, ఏడాది పైనే ఆగి, 2021 చివర్లో మొదటి రైఫిల్ విడుదల చేసింది. పాత జేఎం ముద్ర తుపాకుల కంటే ఇవే మేలని చెప్పేవాళ్లు ఇప్పుడు తక్కువేమీ కాదు. సరుకు మాత్రమే కొలతగా పెడితే నా ఓటు రూగర్‌కే, రెండో మాట లేదు. అయితే నార్త్ హేవెన్‌లో ఉద్యోగం పోయినవాళ్లకు దానివల్ల ఒరిగింది సున్నా.

అందుకే రెండు కొలతలూ కలిపి చూస్తే నా ఓటు మారుతుంది. కోల్ట్ 2015లో మరోసారి దివాలా తీసి బయటపడ్డాక, 2021లో చెక్ దేశపు సీజెడ్ గ్రూప్ దాన్ని 22 కోట్ల డాలర్లూ, కొన్ని షేర్లూ ఇచ్చి కొన్నది. సీజెడ్ కూడా 1936 నుంచీ తుపాకులు చేస్తున్న కంపెనీ. మరుసటి ఏడాది తన పేరునే కోల్ట్ సీజెడ్ గ్రూప్ అని మార్చుకుంది. అన్నిటికంటే ముఖ్యం, కనెటికట్‌లోని వెస్ట్ హార్ట్‌ఫర్డ్‌లో తయారీ సాగుతోంది. పేరు, సరుకు, ఊరు మూడూ ఒకే చోట నిలిచింది ఇక్కడే. పని తెలిసినవాడు కొనడం, కొన్న ధర కంపెనీ మెడకు ఉరి కాకపోవడం, ఉన్నచోటే ఉంచడం. ఈ మూడింటిలో మొదటి రెండూ రూగర్‌కూ ఉన్నాయి, మూడోది లేదు.

ఇలియన్‌కు ఈ మూడింటిలో ఒక్కటీ దొరకలేదు. రౌండ్‌హిల్ 2021లో కొందరిని మళ్లీ పనిలోకి పిలిచింది. ఊళ్లో ఆశ పుట్టింది. ఆ ఏడాది నవంబర్‌లోనే ప్రధాన కార్యాలయం జార్జియాలోని లగ్రాంజ్‌కు వెళ్తుందన్న ప్రకటన వచ్చింది. 2023 నవంబర్ చివర్లో మూసివేత నోటీసు వచ్చింది. అప్పటికి పనిలో ఉన్నది దాదాపు 270 మంది.

చాలామందికి తెలియని ఐదో దారి కూడా ఒకటి వచ్చి పోయింది. అమెరికా మూలవాసులైన నవాహో జాతి ప్రభుత్వం 2018లో రెమింగ్టన్ మొత్తాన్ని కొంటామని ముందుకు వచ్చింది. 47 కోట్ల డాలర్లకు పైగా నగదు ఇస్తామంది. సైనిక తరహా రైఫిళ్లను మామూలు జనానికి అమ్మడం ఆపేసి, సైన్యం, పోలీసు ఆర్డర్ల మీద నడపాలన్నది వాళ్ల ఆలోచన. తమ ప్రాంతంలో ఉద్యోగాలు పుట్టించుకోవాలన్న ఆశ కూడా అందులో ఉంది. అది కూడా తడబడేదేమో, ఇలియన్‌కు పూర్తి మేలు చేసేది కాదేమో. కానీ తన మనుషుల బతుకు కోసం కంపెనీ కొంటానన్నది, ఈ మొత్తం కథలో నాకు కనిపించినంతవరకు, ఆ ఒక్క బేరంలోనే. అప్పటి యజమానులు కాదన్నారు. రెండేళ్ల తర్వాత అదే కంపెనీ ముక్కలై వేలంలోకి వచ్చింది.