జూరాలా, సోమశిలా: ట్రిప్పుకు ఏది మేలు?

దసరా సెలవులు అయిపోగానే జూనియర్లు మొదలుపెడతారు: "అన్నా, జూరాల పోదామా, సోమశిల పోదామా?" రెండు చోట్లకూ బ్యాచ్‌ని తీసుకెళ్లినవాణ్ణి కాబట్టి నన్నే అడుగుతారు. రెండూ కృష్ణ ఒడ్డే. పాలమూరులో పొద్దున్నే బయల్దేరితే ఏది చూసినా రాత్రికి ఇల్లు చేరొచ్చు. నేను మాత్రం ఎదురు ప్రశ్న వేస్తాను: ఆ రోజు మీలో చేపలు తినేవాళ్లు ఎంతమంది?

నవ్వుతారు గానీ, జూరాలకు పోయేదే చేపల కోసం. డ్యామ్ దగ్గరి కొట్లలో చేపను తూచి, ముక్కలు కొట్టి, కారం పట్టించి మన కళ్ల ముందే నూనెలో వేస్తారు. పక్కన జొన్నరొట్టె. వేడివేడి ముక్క చెయ్యి కాలుతున్నా ఆగబుద్ధి కాదు. పోయినేడు మేం 38 మందిమి పోయాం, కార్తీకంలో. 17 మంది చేప ముట్టలేదు. ఒకడు ఒట్టి రొట్టె తుంచుకుని నములుతుంటే రొట్టెలు చేసే పెద్దమ్మ చూసింది. "ఏం బిడ్డా, తినవా?" అంది. "కార్తీకం పెద్దమ్మా" అన్నాడు. ఆమె తన టిఫిన్ డబ్బా తెరిచి ఇంత పల్లికారం వాడి రొట్టె మీద వేసింది. మిగతా 16 మందికి ఆ డబ్బా ఎక్కడ సరిపోతుంది? పైగా అప్పటికి గేట్లు మూసేశారు, డ్యామ్ కింద బండలు తేలి ఉన్నాయి.

గేట్లెత్తే రోజులేమో చాలాసార్లు శ్రావణంలో పడతాయి, అప్పుడూ ఇదే గొడవ. అందుకే వినాయక చవితి దాటాక, వరద ఇంకా ఉండగా, ఒక ఆదివారం చూసుకోవాలి. శనివారం వద్దే వద్దు. అలా కుదిరితే నా ఓటు కళ్లు మూసుకుని జూరాలకే. గద్వాల మీదుగా సాయంత్రానికి అలంపూర్ కూడా చూడొచ్చు. ఏడో శతాబ్దం నాటి చాళుక్యుల గుళ్లు, పేరుకు నవబ్రహ్మలు, లోపల ఉన్నది శివుడు.

కార్తీకంలోనే పోతామంటారా, అయితే సోమశిల. చూడ్డానికి జూరాల కన్నా అదే బాగుంటుంది, కాదనను. కొండల మధ్య నిలిచిన శ్రీశైలం బ్యాక్‌వాటర్, పొద్దున చలిలో పడవ. (లైఫ్ జాకెట్ లేకుండా ఎవరినీ ఎక్కనివ్వకండి.) మనం పడవలో తిరిగే ఆ జలాశయమే కూడవెల్లి ఊరిని ముంచింది. అక్కడి సంగమేశ్వరాలయాన్ని విప్పి తెచ్చి అలంపూర్‌లో మళ్లీ కట్టారు. తిండి మాత్రం అక్కడ దొరుకుతుందని నమ్ముకోవద్దు, పులిహోర, పెరుగన్నం కట్టుకుపోవాల్సిందే. దగ్గర్లోని కొల్లాపూర్ మామిడి అంటారా, అది ఎండాకాలం మాట.

సాగర్ చాలామంది బడిలో ఉన్నప్పుడే చూసి ఉంటారు. ఇక నల్లమల అడవిలోని జలపాతం, మల్లెలతీర్థం. అన్ని మెట్లు దిగడం సరదాగానే ఉంటుంది, ఎక్కేటప్పుడు తెలుస్తుంది. పైగా దారిలో అడవి చెక్‌పోస్టు, మన్ననూర్ గేటు, రాత్రి 9కి మూసేస్తారు. 40 మందిని టైముకు బస్సెక్కించే మొనగాడు మీ బ్యాచ్‌లో ఉంటేనే ఆ మాట ఎత్తండి.