మేక్‌డీబీఎం: 11 ఏళ్ల వాడకం తరువాత

మా కళాశాల ల్యాబులో 40 యంత్రాలున్నాయి. ఏ యంత్రం ముందు కూర్చున్నా విద్యార్థికి అదే లాగిన్, అదే ఫోల్డర్ దొరకాలి. అందుకు 11 ఏళ్లుగా లినక్స్ మీద ఎన్‌ఐఎస్ (నెట్‌వర్క్‌లోని యంత్రాలన్నిటికీ ఒకే యూజర్ల జాబితాను పంచే వ్యవస్థ) నడుపుతున్నాను. సన్ మైక్రోసిస్టమ్స్ మొదట దీన్ని ఎల్లో పేజెస్ అని పిలిచింది. ఆ పేరు బ్రిటన్‌లో బ్రిటిష్ టెలికాం ట్రేడ్‌మార్కు కావడంతో మార్చక తప్పలేదు. కమాండ్ల ముందు 'వైపీ' మాత్రం ఇప్పటికీ ఉంది. ఈ వ్యవస్థలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పనిముట్టు మేక్‌డీబీఎం.

టెక్స్ట్ ఫైలును డేటాబేసుగా మార్చడమే దాని పని. పంక్తిలో మొదటి ఖాళీ వరకూ ఉన్నది కీ, అంటే వెతకడానికి వాడే పదం; మిగిలిందంతా విలువ. పాస్‌వర్డ్ ఫైలులో అలాంటి కీ ఉండదు కాబట్టి మేక్‌ఫైలులోని (డేటాబేసులు తయారుచేసే ఆదేశాలుండే ఫైలు) 'ఆక్' అనే కమాండు యూజర్ పేరును తీసి పంక్తి ముందు అతికిస్తుంది. ఇలా తయారైన డేటాబేసును మ్యాపు అంటారు. పేరుతో వెతకడానికి ఒక మ్యాపు, యూజర్ నంబరుతో వెతకడానికి మరొకటి. ఒకే సమాచారాన్ని రెండుసార్లు దాచడం మొదట్లో దుబారా అనిపించింది. ఒక్కో మ్యాపుకు ఒక్కటే రకం కీ కాబట్టి, వెతకడానికి ఫైలంతా చదవనక్కరలేదని తరువాత అర్థమైంది.

నన్ను నిజంగా ఏడిపించింది పొడవు పరిమితి. ఎన్‌ఐఎస్‌లో విలువ 1024 బైట్లు దాటకూడదు. ఒక గ్రూపు సభ్యులందరి లాగిన్లూ ఒకే పంక్తిలో ఉంటాయి. మా లాగిన్ పది అక్షరాల రోల్ నంబరు, కామాతో కలిపి 11 బైట్లు. ఒకసారి 96 మందిని ఒకే ప్రాజెక్టు గ్రూపులో చేర్చాను. మేక్‌డీబీఎం ఒక్క హెచ్చరిక చూపి ఆ పంక్తిని వదిలేసి ముందుకు పోయింది. నేను గమనించలేదు. మర్నాడు ఉదయం బ్యాచ్ మొత్తానికీ ప్రాజెక్టు ఫోల్డర్ తెరుచుకోలేదు. మేక్‌ఫైలును నడిపే 'మేక్' కమాండు మళ్లీ ఇచ్చాను. మ్యాపు అప్పటికే తాజాగా ఉందనుకుని అది ఏమీ చేయలేదు, హెచ్చరికా రాలేదు. చివరికి 'యూ' ఆప్షన్‌తో డేటాబేసును తిరిగి టెక్స్టుగా దించి చూస్తే ఆ గ్రూపే లేదు. ఈ ఒక్క ఆప్షన్ కోసమైనా ఈ పనిముట్టును మెచ్చుకుంటాను.

పరిమితిని పట్టించుకోవద్దని చెప్పే ఆప్షన్ కూడా ఉంది. కానీ పరిమితి ప్రోటోకాల్‌లోనే, అంటే యంత్రాలు సమాచారం పంచుకునే పద్ధతిలోనే ఉంది కనుక ఆ దారి తొక్కలేదు. గ్రూపును ఒకే నంబరుతో రెండు పేర్లుగా విడగొట్టాను. నంబరుతో వెతికే మ్యాపులో ఒక్క పేరే మిగులుతుంది. అయినా అనుమతులు నడిచేది నంబరు మీద కాబట్టి ఇబ్బంది రాలేదు.

కొత్తగా మొదలుపెట్టేవారికి మాత్రం వద్దనే చెబుతాను. ఎన్‌ఐఎస్ సమాచారాన్ని గుప్తీకరించకుండా పంపుతుంది. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 9 దాన్ని తొలగించింది కూడా. బయటి నెట్‌వర్క్‌తో సంబంధం లేని మా గదిలోనే దీన్ని ఉంచుకున్నాను.

ఇప్పుడు 'మేక్' కన్నా ముందు అతి పొడవైన పంక్తిని కొలిచే చిన్న స్క్రిప్టు నడుపుతాను. ఈ ఉదయం అది ఒక గ్రూపుకు 987 బైట్లు చూపింది. సోమవారం మరో ఐదుగురు చేరేలోగా ఆ గ్రూపునూ విడగొట్టాలి.