ఒంటరిగా బౌద్ధ గుహలు, కొండకోటలు: మళవ్లీ, జున్నర్, ఔరంగాబాద్... ఏది మేలు?

మహారాష్ట్రలో బౌద్ధ గుహలూ కోటలూ అంత దగ్గర దగ్గరగా ఉండటం కాకతాళీయం కాదు. కొంకణ తీరపు రేవుల్లో దిగిన సరుకు దక్కన్ పీఠభూమికి ఎక్కాలంటే కొన్ని కనుమలే దారి. శాతవాహనుల కాలంలో ఆ దారుల వెంబడే వర్తకులు, రాజులు భిక్షువులకు గుహలు తొలిపించారు. తర్వాతి కాలాల వాళ్లు అవే దారుల మీద కన్నేసి ఉంచడానికి పైకొండలకు గోడలు కట్టారు. కాబట్టి ఎక్కడ బస చేసినా రెండూ చూడొచ్చు. తేడా అంతా తిరుగుడులోనే ఉంటుంది.

నలుగురు కలిసి వెళితే బండి మాట్లాడుకుంటారు, ఖర్చు పంచుకుంటారు. ఒక్కరే వెళితే గుహ ఎంత గొప్పదన్న దానికంటే సాయంత్రం వెనక్కి వచ్చే బండి ఉందా, దారిలో మనుషులు తగులుతారా అన్నవే ముందు చూసుకోవాలి. ఆ లెక్కన మొదటిసారి ఒంటరిగా వెళ్లేవాళ్లకు పుణె-లోణావళా రైలుదారిలోని మళవ్లీ మేలు. శాతవాహనుల చరిత్ర మీద మక్కువ ఉండి, ఒకపూట బస్సు తప్పినా చలించని వాళ్లకు జున్నర్. గుహలుగా చూస్తే ఔరంగాబాద్‌కు సాటి లేదు, కానీ అక్కడ కొండ నడక తక్కువ, బస్సు ప్రయాణం ఎక్కువ.

మళవ్లీ: భాజా, కార్లా, లోహగడ్

హైదరాబాద్ నుంచైనా, కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో విశాఖ, విజయవాడల నుంచైనా ముందు పుణె చేరాలి. అక్కడ లోణావళా లోకల్ ఎక్కితే లోణావళాకు ఒక్క స్టేషన్ ముందు మళవ్లీ వస్తుంది. ఎక్స్‌ప్రెస్ రైళ్లు ఇక్కడ ఆగవు. లోకళ్లు పొద్దునా సాయంత్రం బాగానే ఉంటాయి, మధ్యాహ్నం మాత్రం ఎడం ఎక్కువ. వెళ్లేటప్పుడే తిరుగు రైళ్ల వేళలు ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. స్టేషన్‌లో సామాను గది లేదు. పెద్ద సంచీ ఉంటే పుణె స్టేషన్ క్లోక్‌రూమ్‌లో పెట్టి రావాలి, తాళం వేయని సంచీని అక్కడ తీసుకోరు.

చాలామంది స్టేషన్ దిగగానే దగ్గరగా ఉందని భాజా గుహలకు ఎక్కేస్తారు, ఆ తర్వాత మిట్టమధ్యాహ్నం ఎండలో లోహగడ్ ఎక్కుతారు. ఇది తిరగేసి చేయాలి. భాజా గుహలు పడమటి ముఖంగా ఉన్నాయి. పొద్దున లోపల మసకగా ఉంటుంది, మూడు దాటాక ఎండ నేరుగా చైత్యంలోకి, అంటే స్తూపమున్న ప్రార్థన గుహలోకి వస్తుంది. అందుకని ఏడు, ఎనిమిది గంటలకల్లా మళవ్లీలో దిగి, భాజే ఊరి మీదుగా గాయ్‌ముఖ్ ఖిండ్ అనే కనుమ దాకా ఎక్కండి. ఎడమవైపు విసాపూర్, కుడివైపు లోహగడ్. కోట అడుగున ఉన్న లోహగడ్‌వాడికి స్టేషన్ నుంచి రెండు, రెండున్నర గంటల నడక. అక్కడి నుంచి గణేశ్, నారాయణ్, హనుమాన్, మహా దర్వాజాలు దాటుకుంటూ మెట్ల మీద ముప్పావు గంటలో పైకి చేరతారు. దిగి వచ్చాక ఊళ్లో పిఠ్లా-భాక్రీ (శనగపిండి కూర, రొట్టె) దొరుకుతుంది, ఎక్కేముందే చెప్పి పోతే వేడిగా పెడతారు.

పైన వించుకాటా చూడకుండా రావద్దు. తేలు కొండిలా సాగిన సన్నటి కొండకొమ్ము అది, దాని చివరి దాకా కోటగోడ ఉంది. అక్కడికి దిగే చోట చేతులు ఆనించి దిగాల్సిన రాళ్లు కొన్ని ఉన్నాయి. వాన పడుతున్నా, మంచు కమ్మినా, గాలి టోపీని ఎగరగొట్టేంత ఉన్నా ఒక్కరే ఉన్నప్పుడు పైనుంచే చూసి రావడం మంచిది. 2025లో యునెస్కో జాబితాకెక్కిన పన్నెండు మరాఠా కోటల్లో లోహగడ్ ఒకటి, కాబట్టి జనం ఇంకా పెరుగుతారు. శని, ఆదివారాలు, అందులోనూ వానాకాలంలో, మెట్ల మీద అడుగు తీసి అడుగు వేయలేరు.

ఎదురుగా ఉన్న విసాపూర్ లోహగడ్ కంటే ఎత్తు, వైశాల్యంలోనూ పెద్దది. ఒంటరి వాళ్లకు దాన్ని సిఫారసు చేయలేం. భాజే వైపు దారి చాలా చోట్ల నీళ్లు పారే వాగు మెట్లే. వానల్లో అది జలపాతమవుతుంది, వానలు తగ్గాక కూడా నాచు పట్టిన నల్లరాయి సబ్బులా జారుతుంది. పైన మైదానం పెద్దది కావడంతో మంచు కమ్మితే ఎక్కిన చోటు మళ్లీ కనపడదు. కాలు మడతపడితే కేక వేసినా వినేవాళ్లుండరు.

ఇక భాజా. ఇరవై రెండు గుహలు, పెద్ద చైత్యం క్రీ.పూ. 2వ శతాబ్దపుది. లోపలికి వెళ్లగానే స్తంభాల వరుసను పక్క నుంచి చూడండి, నిలువుగా ఉండవు, లోపలికి ఒరిగి ఉంటాయి. కర్ర ఇళ్లలో కప్పు బరువుకు స్తంభాలు బయటకు తన్నుకుపోకుండా వడ్రంగులు అలా ఒరగబెట్టేవాళ్లు. రాతిలో ఆ అవసరం లేదు, అయినా తెలిసిన పనితనం వదల్లేదు. ముందు భాగంలో కర్ర దూలాలు దిగేసిన గూళ్లు ఖాళీగా కనిపిస్తాయి, ఒకప్పటి కర్ర ముఖద్వారం పోయి గూళ్లే మిగిలాయి. దక్షిణం కొసకు వెళితే పద్నాలుగు స్తూపాల గుంపు, దాన్ని దాటి విహారం (భిక్షువులు ఉండే గుహ) వరండాలో రథమెక్కిన సూర్యుడు, ఏనుగు మీది ఇంద్రుడు. చాలామంది చైత్యం చూసి వెనుదిరిగి ఈ రెంటినీ వదిలేస్తారు.

కార్లా రెండో రోజుకు. రైలుకట్టకు అవతలి వైపు, హైవే దాటి వెళ్లాలి. మళవ్లీ నుంచి ఆటో దొరుకుతుంది, నడిచినా గంట, గంటన్నర. మూడు వందల పైచిలుకు మెట్లు. చైత్యం పొడవు దాదాపు 45 మీటర్లు, దేశంలో రాతిలో తొలిచిన చైత్యాల్లో అదే పెద్దది. పైకప్పుకు బిగించిన టేకు పక్కటెముకలు, స్తూపం మీది కర్ర గొడుగు దాదాపు రెండు వేల ఏళ్ల నాటివే. రెండు వైపులా పదిహేనేసి స్తంభాల మీద మోకరిల్లిన ఏనుగులు, వాటి మీద జంటలు. స్తూపం వెనకున్న ఏడు మాత్రం నున్నటి అష్టకోణపు కంబాలు. దాతల శాసనాల్లో ధేనుకాకట అనే ఊరి పేరు పదేపదే వస్తుంది, ఆ దాతల్లో యవనులూ (గ్రీకులు) ఉన్నారు. ధేనుకాకట అంటే అమరావతి దగ్గరి మన ధరణికోటేనన్న వాదన ఒకటుంది, అందరూ ఒప్పుకోరు. గుహ ముంగిట్లోనే ఏకవీర అమ్మవారి గుడి ఉండటంతో మంగళ, ఆదివారాల్లో, చైత్ర జాతరప్పుడు క్యూలో చిక్కుకుంటారు. మామూలు రోజు మూడున్నర, నాలుగు ప్రాంతంలో వెళ్లండి, ఇదీ పడమటి ముఖమే.

మూడో రోజు మిగిలితే కామ్‌షేట్ స్టేషన్‌లో దిగి బేడ్సే గుహలకు వెళ్లొచ్చు. శిల్పం బాగుంటుంది, మనుషులే ఉండరు. అదే దాని అందం, ఒంటరి వాళ్లకు అదే దాని ఇబ్బంది. ఆటోవాడిని అక్కడే ఆగమని మాట్లాడుకుని వెళ్లండి.

జున్నర్: లేణ్యాద్రి, శివనేరి, నాణేఘాట్

జున్నర్ చుట్టూ రెండు వందలకు పైగా గుహలున్నాయి. దేశంలో ఇంకెక్కడా ఒకే ఊరి చుట్టూ ఇన్ని లేవు. పుణె శివాజీనగర్-వాకడేవాడి ఎస్టీ (ప్రభుత్వ బస్సుల) స్టాండు నుంచి నేరుగా బస్సులున్నాయి, రెండున్నర నుంచి మూడు గంటలు. నేరు బస్సు దొరక్కపోతే నాసిక్ వైపు వెళ్లే ఏ బస్సైనా ఎక్కి నారాయణ్‌గావ్‌లో దిగి మారొచ్చు. బోర్డులు దేవనాగరిలో ఉంటాయి, అంకెలతో సహా. దారి అడిగేటప్పుడు గుహలు అనకుండా ‘లేణీ’ అని అడగండి.

లేణ్యాద్రి ఊరికి ఐదు కిలోమీటర్లు, షేర్ ఆటోలు తిరుగుతూనే ఉంటాయి. ఏడో గుహ ఒకప్పటి విహారం, ఇప్పుడు అష్టవినాయకుల్లో ఒకరైన గిరిజాత్మజుడి గుడి. దాని పక్కనే ఆరో గుహ అసలైన చైత్యం. మూడు వందల మెట్ల దారిలో కోతులతోనే పేచీ: చేతిలో ప్లాస్టిక్ కవరు కనపడితే లాక్కుంటాయి. తిండి, నీళ్లు జిప్పున్న సంచీలో వీపుకే ఉండాలి. గుడి కారణంగా రోజంతా జనం ఉంటారు కాబట్టి ఒంటరి ఆడవాళ్లకు జున్నర్ మొత్తంలో ఇంతకంటే నిశ్చింతైన చోటు లేదు.

శివనేరి శివాజీ పుట్టిన కోట, 1630 ఫిబ్రవరి 19. ఏడు దర్వాజాల మెట్ల దారి సురక్షితం, గంట లోపే పైకి చేరతారు. రెండో దారి గొలుసు పట్టుకుని ఎక్కేది, బౌద్ధ గుహలు కొన్ని ఆ వైపే ఉన్నాయన్న ఆశతో ఒక్కరే దిగవద్దు. ఎక్కేటప్పుడు గొలుసు చేతికందుతుంది, దిగేటప్పుడు మాత్రం కాలు ఆనించే చోటు దొరకదు. ఫిబ్రవరి 19 ముందూ వెనకా రెండు రోజులు కొండంతా జనమే, గది కూడా దొరకదు.

ఊరికి దగ్గర్లోనే ఉన్న తుల్జా గుహలను మన గుంటుపల్లి చూసినవాళ్లు తప్పక చూడాలి. రెండు చోట్లా చైత్యం గుండ్రటిది. గుంటుపల్లిలో గుమ్మటం లోపల కర్ర వాసాల్లా చెక్కిన రాతి పక్కటెముకలుంటే, ఇక్కడ స్తూపం చుట్టూ పన్నెండు నిలువు కంబాలున్నాయి. ఏలూరు జిల్లా జీలకర్రగూడెం వెళ్లి వచ్చాకే ఇక్కడికి వస్తే తేడా కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. మాన్‌మోడి కొండ గుహల్లో మాత్రం పెద్ద తేనెపట్టులుంటాయి. అత్తరు, పొగ, కెమెరా ఫ్లాష్ మూడూ వద్దు. లేచాయంటే చేతులతో కొట్టకుండా ముఖం కప్పుకుని వచ్చిన దారినే పరుగెత్తాలి. గుహ లోపలికి దూరితే ఇరుక్కుపోతారు.

జున్నర్‌ను ఎంచుకోవడానికి అసలు కారణం నాణేఘాట్. ఊరికి పడమరగా ముప్పై కిలోమీటర్ల పైన. అది బౌద్ధ గుహ కాదు, శాతవాహన రాణి నాగానిక రాయించిన శాసనమున్న గుహ. గోడల నిండా యజ్ఞాలు, దక్షిణగా ఇచ్చిన ఆవులు, గుర్రాలు, కార్షాపణాల (అప్పటి నాణేల) లెక్కలు. ఆ అంకెలు దేశంలో దొరికిన తొలి అంకెల్లో కొన్ని. వెనక గోడకు శాతవాహన రాజులు సిముకుడు, శాతకర్ణి, రాణి నాగానికల విగ్రహాలుండేవి, ఇప్పుడు పైన పేర్లు, కింద పాదాల ఆనవాళ్లే మిగిలాయి. శాతవాహనుల పేరు బడి పుస్తకంలో చదివిన ఏ తెలుగువాడికైనా ఇక్కడ కాసేపు కాలు కదలదు.

కొంకణం వైపు నుంచి అయితే ఇది మూడు గంటల ఎక్కుడు, అడవి దారి. జున్నర్ వైపు నుంచి బండి కనుమ నెత్తి దాకా పోతుంది, గుహ అక్కడి నుంచి కొద్ది మెట్లు కిందే. ఒక్కరే అయితే రెండోదే దారి. నాణేఘాట్ దగ్గరి ఊరు ఘాట్‌ఘర్ వైపు బస్సులు చాలా తక్కువ, సాయంత్రానికి అసలుండవు. ఫోన్ సిగ్నల్ నమ్ముకోలేం. ఆటోనో జీపునో రానూపోనూ, ఆగే సమయంతో కలిపి బేరమాడుకోవడమే పద్ధతి, ఒక్కరే భరించాలి కాబట్టి ఈ యాత్రలో పెద్ద ఖర్చు ఇదే. పక్కనే జీవధన్ కోట నోరూరిస్తుంది కానీ పైభాగంలో నిటారు రాతి మెట్లున్నాయి. గుంపులో చేరితే తప్ప వద్దు.

ఔరంగాబాద్: అజంతా, ఎల్లోరా, దౌలతాబాద్

ఇప్పటి పేరు ఛత్రపతి సంభాజీనగర్. కాచిగూడలో సాయంత్రం అజంతా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి అక్కడుంటారు. ఇంత సులువు మిగతా రెంటికీ లేదు. అజంతాకు సోమవారం, ఎల్లోరాకు మంగళవారం సెలవు. ఈ రెండు రోజులు చూసుకోక మునిగిపోయేవాళ్లు ప్రతి వారం ఉంటారు.

దౌలతాబాద్, ఎల్లోరా ఒకే దారిలో ఉన్నాయి. ముందు కోట, తర్వాత గుహలు: ఎల్లోరా కూడా పడమటి ముఖమే, బౌద్ధ గుహలైన 1 నుంచి 12 వరకు మధ్యాహ్నం దాటాకే వెలుగొస్తుంది. కోటలో ‘అంధేరీ’ అనే చీకటి సొరంగం దారిలో టార్చి తప్పనిసరి. ఫోన్ టార్చి చేతిలో ఉంటే రెండో చెయ్యే మిగులుతుంది, తలకు కట్టుకునే లైటు మేలు. గబ్బిలాల వాసన ఘాటుగా ఉంటుంది. చీనీ మహల్ శిథిలాల దగ్గర ఒక్క నిమిషం ఆగండి. 1687లో గోల్కొండ పడిపోయాక తానీషాను ఔరంగజేబు బంధించింది ఇక్కడే, ఆయన మళ్లీ బయటకు రాలేదు.

అజంతా వంద కిలోమీటర్లు, రానూపోనూ ఒక రోజు. కూడలిలో దిగి షటిల్ బస్సు మారాలి. మొదట 9, 10 గుహలు చూడండి, అవే పాతవి, క్రీ.పూ. నాటివి. 1, 2, 16, 17 గుహల బొమ్మల దగ్గర జనం ఎలాగూ తోసుకుంటారు. అజంతా నిజాం రాజ్యంలో ఉన్నప్పుడు, 1920లలో, ఇటలీ నిపుణులను రప్పించి బొమ్మలను బాగుచేయించారు. అప్పటి పూత కాలక్రమంలో పసుపెక్కి కొన్ని చోట్ల రంగును కప్పేసింది. ఫ్లాష్ నిషేధం, కళ్లు చీకటికి అలవాటు పడటానికి ఐదు నిమిషాలు నిలబడాలి. అమ్మానాన్నలు తోడొస్తామంటే మూడింటిలో ఇదొక్కటే నడుస్తుంది.

కాలం, సామాను

అక్టోబరు మధ్య నుంచి ఫిబ్రవరి దాకా మూడూ బాగుంటాయి. జూన్-సెప్టెంబరు మధ్య కోటలు వదిలి అజంతా, ఎల్లోరా పెట్టుకోండి. మార్చి దాటాక మూడు లీటర్ల నీళ్లు లేనిదే కొండ ఎక్కవద్దు. లాడ్జీలు కొన్ని ఒంటరిగా వచ్చినవాళ్లకు గది ఇవ్వడానికి నసుగుతాయి. ముందే ఫోన్ చేసి ఒక్కరేనని చెప్పి, ఆధార్ అసలు కార్డే వెంట ఉంచుకోండి. ఆఫ్‌లైన్ మ్యాపు, బ్యాటరీ బ్యాంకు, సూర్యాస్తమయానికి గంట ముందే దిగడం మొదలుపెట్టే నియమం, ఆపదకు 112.

వారం సెలవు దొరికినవాళ్లు ఒకటే ఎంచుకోనక్కర్లేదు. పుణె దిగి మళవ్లీలో రెండు రోజులు, జున్నర్‌లో రెండు, అక్కడి నుంచి ఆళేఫాటా కూడలిలో బస్సు మారి అహిల్యానగర్ (పాత అహ్మద్‌నగర్) మీదుగా సంభాజీనగర్ చేరితే, అజంతా, ఎల్లోరా చూసుకుని రాత్రి రైలుకు కాచిగూడ రావచ్చు. శుక్రవారం మళవ్లీలో మొదలుపెడితే శని, ఆదివారాల రద్దీలో చిక్కుతారు. ఆదివారం మొదలుపెడితే గురు, శుక్ర, శనివారాలు సంభాజీనగర్‌కు మిగులుతాయి, రెండు సెలవులూ తప్పుతాయి. ఆ ఆదివారం ఒక్కటీ కార్లా, లోహగడ్ మాత్రం వద్దు, బేడ్సేతో మొదలుపెట్టండి.